హస్తవాణి తప్పు చెప్పదు

మా అక్కకు చేతులతో మాట్లాడటం రాదని మండలాఫీసులో తేలిన రోజు నేను అక్కడే ఉన్నాను.

అంతవరకు అక్క చేతులతోనే మాట్లాడేది. పుట్టు చెవుడు. పట్నంలో చెవిటి పిల్లల బడిలో పదో తరగతి దాకా చదివి అక్కడి సైగలన్నీ నేర్చుకుంది. ఊరికి తిరిగొచ్చాక ఊరికి కావలసిన సైగలు తనే తయారు చేసి అందరికీ నేర్పింది. మీసం మెలేస్తే సర్పంచి. చంకలో సంచి ఉన్నట్టు చూపిస్తే పోస్టుమాన్. ముక్కు మూసుకుంటే ఎద్దులబండి చెన్నయ్య బాబాయి, ఎందుకంటే ఆయన పేడకుప్ప మా ఇంటి పక్కనే ఉంటుంది. ఇప్పుడు ఆయన కూడా అక్కకు తన పేరు చెప్పాలంటే ముక్కే మూసుకుంటాడు.

ఊళ్లో అక్క మాట అర్థం కానివాళ్లు లేరు. అర్థం కానిది నా మాటే. కొత్తవాళ్ల ముందు నేను నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. పదో తరగతిలో కూడా హాజరు పిలిచినప్పుడు చెయ్యి మాత్రమే ఎత్తేదాన్ని. ఇంట్లో నేనూ అక్కా చేతులతోనే కబుర్లు చెప్పుకుంటాం. అమ్మ చూసి, "ఒకదానికి దేవుడియ్యలేదు, ఇంకోదానికి ఇచ్చినా వాడదు" అంటుంది.

అక్క పేరు శేషారత్నం. నా పేరు తిరపతమ్మ. ఈ రెండు పేర్లూ దయచేసి గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వం పెట్టుకోలేకపోయింది.

మా ఊరి అంగన్‌వాడీలో ఆయా పోస్టు ఖాళీ అయింది. అక్క ఎలాగూ రోజూ అక్కడే ఉంటుంది. పిల్లలు ఆమె కొంగు వదలరు. టీచరమ్మ వీరరాఘవమ్మ గారు దగ్గరుండి దరఖాస్తు పెట్టించింది. ఎంపిక జాబితాలో అక్క పేరు వచ్చింది. ఒక్క కాగితం మాత్రం తక్కువైంది. సంభాషణ సామర్థ్య ధ్రువపత్రం. మండలాఫీసు నుంచి అది బడులు తెరిచేలోగా తేకపోతే ఆ ఉద్యోగం పక్క ఊరి ఆమెకు వెళ్లిపోతుంది. అక్క కోరిన ఉద్యోగం ప్రపంచంలో ఇదొక్కటే.

సరిగ్గా అప్పుడే మా జిల్లాకు హస్తవాణి వచ్చింది.

హస్తవాణి అంటే యాప్. చెవిటివాళ్లు దాని ముందు సైగలు చేస్తే అది తెలుగులో పైకి చెబుతుంది. ఇది చాలా మంచి విషయమని మేమూ అనుకున్నాం. తరువాత ఉత్తర్వు వచ్చింది. "ఇకమీదట బధిరులు ప్రభుత్వ కార్యాలయములలో హస్తవాణి ద్వారా మాత్రమే మాట్లాడవలెను. కుటుంబసభ్యులు తమ నోటితో వారి భావములను తెలుపుట అనధికార అనువాదముగా పరిగణించబడును."

మండలాఫీసులో హస్తవాణిని ఒక టాబ్లెట్‌లో పెట్టి, స్టాండు మీద నిలబెట్టి, దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టారు. దాని పక్కన నోడల్ అధికారి చిదంబరరావు గారు కూర్చున్నారు. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. అక్క లోపలికి వెళ్తూనే ఆయనకు పేరు పెట్టేసింది. నాకు చూపించింది కూడా, రెండు వేళ్లతో నుదురు తట్టి.

"అభ్యర్థిని తన ఆశయాలను స్వేచ్ఛగా వ్యక్తపరచవచ్చు" అన్నారు ఆయన.

అక్క స్వేచ్ఛగా వ్యక్తపరిచింది. అరచెయ్యి కిందికి తిప్పి చిన్న చిన్న ఎత్తుల్లో తట్టింది. పిల్లలు. వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టుకుంది. వాళ్లకు అన్నం పెడతాను.

టాబ్లెట్‌లోంచి తీయని ఆడగొంతు వచ్చింది. "మేఘములు కమ్ముకొనుచున్నవి. తామర మొగ్గ ముడుచుకొనినది."

చిదంబరరావు గారు కిటికీలోంచి ఆకాశం చూశారు. ఎండ మండిపోతోంది.

"అయ్యా, అట్ట కాదయ్యా" అంది అమ్మ. "పిల్లలకి అన్నం పెడతానంటంది."

"అమ్మా! అనధికార అనువాదం! మీ అమ్మాయి గొంతు మీ అమ్మాయికి ఇవ్వడానికి ప్రభుత్వం హస్తవాణిని తెస్తే, మధ్యలో మీరు లాక్కుంటారేమిటి?"

"కన్నదాన్నయ్యా. దాని మాట నాకు తెలవదా?"

"కన్నంత మాత్రాన భాష వస్తుందా అమ్మా? హస్తవాణికి జిల్లా స్థాయి ఆమోదం ఉంది. మీకుందా?"

అమ్మకు లేదు. అక్కకు ఈ గొడవ వినపడలేదు కాబట్టి, పని అయిపోయిందా అన్నట్టు నవ్వుతూ ఆయనకు బొటనవేలు ఎత్తి చూపింది.

"ఓ మన్మథా, నీ విల్లు దింపుము" అంది హస్తవాణి.

చిదంబరరావు గారు కళ్లజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దింపారు. అది దింపడం మేము అదే మొదటిసారి చూడటం. "బ్రహ్మం, రాసుకో" అన్నారు ఆపరేటరుతో. "అభ్యర్థిని వాతావరణం గురించి, ఇతరత్రా విషయాల గురించి ప్రస్తావించినది. ఉద్యోగం గురించి ప్రస్తావించలేదు."

"అది తప్పు చెప్తందయ్యా!" అంది అమ్మ.

"హస్తవాణి తప్పు చెప్పదమ్మా. ఆమె చేతులే తప్పు చెబుతున్నాయి."

బయట టీ కొట్టు దగ్గర బ్రహ్మం మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, నేను చెప్పానని ఎవురికీ అనమాకు. ఈ యాప్‌కి సైగలు నేర్పాలంటే చెవిటోళ్లను పిలిచి వీడియోలు తియ్యాల. వాళ్లను పిలిస్తే వాళ్లతో మాట్లాడే మనిషి ఉండాల. ఆ పోస్టు ఖాళీ."

"నింపచ్చు గదా అబ్బయ్యా?"

"నింపుదామనే ఫైలు పెట్టారు. యాప్ వస్తంది గదా, ఇంక మనిషెందుకని ఆ పోస్టే తీసేశారు."

"మరి యాప్‌కి సైగలెవరు నేర్పారు?"

"చేతి వేళ్లతో అర్థాలు చెప్పటంలో డిప్లొమా ఉన్నోళ్లు కావాలని జిల్లా అంతా వెతికారు. ఒక్కరే దొరికారు. మంజువాణి మేడం." బ్రహ్మం టీ గ్లాసు కింద పెట్టాడు. "కూచిపూడి నేర్పుతారు."

ఆ విధంగా మా జిల్లాలో చెవిటివాళ్ల భాష నాట్యమని ఖరారైంది. యాప్‌ను మార్చాలంటే మళ్లీ టెండరు పిలవాలి. చేతులు మార్చడానికి టెండరు అక్కర్లేదు. అందువల్ల చేతులనే మార్చాలని జిల్లా కమిటీ తీర్మానించింది. మండలంలోని బధిరులందరూ పరిషత్తు హాలులో శిక్షణకు రావాలని మరో ఉత్తర్వు వేశారు. చివర ఒక వాక్యం ఉంది. "గజ్జెలు ఎవరివి వారే తెచ్చుకోవలెను."

మంజువాణి మేడం మంచిది. మొదటి రోజే చిదంబరరావు గారిని అడిగింది. "సార్, వీళ్లకు వినపడదు కదా, గజ్జెలెందుకు?"

"వినపడదన్న కారణంతో ఎవరినీ చిన్నచూపు చూడరాదమ్మా. అందరికీ సమాన గజ్జెలు."

మేడం మా వైపు తిరిగి, "నా డాన్సు క్లాసు వీడియోలమ్మా అవి. వార్షికోత్సవానికేమో అనుకుని తీయనిచ్చాను" అని తలపట్టుకుంది. తలపట్టుకోవడానికి కూడా ఏదో అర్థం ఉంటుందని గుర్తొచ్చి, వెంటనే చేతులు దించేసింది.

శిక్షణకు వచ్చినవాళ్లలో మేకల మస్తానయ్య తాత ఒకడు. కడుపునొప్పితో బాధపడుతున్నాడు. ఆసుపత్రిలో కూడా హస్తవాణి పెట్టారు కాబట్టి, డాక్టరుకు చెప్పుకోవడానికి ముద్ర నేర్పమని పొట్ట చూపించి అడిగాడు. మేడం చాలాసేపు ఆలోచించింది. "నొప్పికి ముద్ర లేదు తాతా. విరహానికి ఉంది" అంది. మస్తానయ్య తాత వారం పాటు విరహం సాధన చేశాడు. చక్కగా వచ్చింది. ఆసుపత్రికి వెళ్లి చూపిస్తే హస్తవాణి, "నాథుడు రాలేదు, వెన్నెల నన్ను కాల్చుచున్నది" అంది. డాక్టరు కాలిన గాయాలకు పూసే మందు రాసిచ్చింది. తాత దాన్ని పొట్టకు పూసుకున్నాడు.

అక్క రెండో రోజుకే లేచి నిలబడింది. "నా చేతులకు మాటలొచ్చు. ఆ డబ్బాకే రావు" అని నాతో చెప్పి, గుమ్మం మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. లోపలికి రమ్మని నేను బతిమాలాను.

"ఉద్యోగం కావాలా వద్దా?" అన్నాను చేతులతో.

"కావాలి. నా పిల్లలకు నేను అన్నం పెడతానని చెప్పడానికి తామర మొగ్గను అడగాలా?"

నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. తోడుగా వచ్చినదాన్ని కాబట్టి వెనక వరుసలో కూర్చున్నాను. అక్క బదులు నేను చూసి, ఇంటికి వెళ్లాక నిదానంగా ఆమెకు నేర్పుదామనుకున్నాను. మాట్లాడాల్సిన అవసరం లేని చదువు నాకు అదే మొదటిసారి దొరకడం. పతాకం, ముకుళం, శిఖరం, అన్నీ వచ్చేశాయి. మేడం నా వేళ్లు చూసి మురిసిపోయింది. అక్క మాత్రం ఒక్కటీ నేర్చుకోలేదు. నేను ముద్ర పట్టినప్పుడల్లా పగలబడి నవ్వేది.

ఈలోగా ఆఫీసులో ఇంకో చిక్కు వచ్చింది. హస్తవాణికి చెవిటి చేతులు, చెవులున్నవాళ్ల చేతులు అనే తేడా తెలియదు. చిదంబరరావు గారు ఈగను తోలితే, "స్వామీ, నన్ను విడిచి పోకుము" అంది. గుమాస్తా జుట్టు సర్దుకుంటే, "నెమలి పురి విప్పినది" అంది. ఇది కార్యాలయ గౌరవానికి భంగమని, హస్తవాణి ఉన్న గదిలో సిబ్బంది చేతులు కదల్చరాదని ఉత్తర్వు వేశారు. అప్పటినుంచి మండలాఫీసులో అందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. పని జరగడంలో తేడా ఏమీ రాలేదని జనం చెప్పుకుంటున్నారు.

శిక్షణ చివర పెట్టే పరీక్ష రోజు వచ్చింది. బడులు తెరవడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. అక్కా, అమ్మా, నేనూ వెళ్లాం. గదిలో ఫ్యాను గర్రుమని వంకరగా తిరుగుతోంది. అది ఊడి పడుతుందేమో అని అక్క, హస్తవాణికి కనపడని మూల నుంచి, అమ్మకు చూపిస్తోంది.

"శేషారత్నం ఎవరు?" అన్నారు చిదంబరరావు గారు, నుదుటి మీది కళ్లజోడు దించుకోవడానికి కూడా జేబుల్లోంచి చేతులు తియ్యకుండా.

అక్కకు వినపడలేదు. నాకు వినపడి లేచి నిలబడ్డాను, ఆమే అని చెబుదామని. నోటి నుంచి మాట రాలేదు. గాలి వచ్చింది. వేలెత్తి అక్కను చూపించాను.

"పరబ్రహ్మము ఒక్కటే" అంది హస్తవాణి.

"సరే, మొదలుపెట్టింది" అన్నారు ఆయన సంతోషంగా.

"అయ్యా, అది కాదయ్యా, అది దాని చెల్లెలు..." అని అమ్మ ముందుకొచ్చింది.

"అనధికార అనువాదం!"

"అనువాదం కాదయ్యా, మనిషే వేరే!"

"ఇంకొక్క మాట మాట్లాడితే దరఖాస్తు తిరస్కరిస్తాను."

అమ్మ నోరు మూసుకుంది. నేను అమ్మ వైపు చూశాను. అక్క ఫ్యాను వైపు చూస్తోంది. బడులు తెరిచే తేదీ క్యాలెండరులో ఎర్రగా కనపడుతోంది.

"అంగన్‌వాడీలో పిల్లలను ఎలా చూసుకుంటావు?" అన్నారు ఆయన.

నాకు వచ్చిందే చేశాను. మేడం నేర్పిన యశోదను చేశాను. ఉయ్యాల ఊపాను, కుండలోంచి వెన్న తీశాను, పిల్లవాడి నోట్లో పెట్టాను.

"యశోద బాలకృష్ణునికి వెన్న తినిపించుచున్నది" అంది హస్తవాణి.

"పోషకాహారం!" అన్నారు చిదంబరరావు గారు. కళ్లు చెమర్చాయి. తుడుచుకోవడానికి చేతులు తియ్యకూడదు కాబట్టి అలాగే వదిలేశారు. "బ్రహ్మం, ఫొటో తీసి ధ్రువపత్రం ఇచ్చెయ్."

బ్రహ్మం నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. చెప్పాలంటే చెయ్యి చూపించాలి. చేతులు జేబులో ఉండాలి. చేతులు తియ్యమన్నది ఫొటోకే కాబట్టి ఫొటో తీశాడు.

అలా అక్క పేరు మీద, నా మొహంతో కాగితం వచ్చింది. అంగన్‌వాడీలో వీరరాఘవమ్మ గారు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇది మన తిరపతి గదంటే?"

"పేరు రత్నందే" అంది అమ్మ.

"అయితే చాల్లే. పనిచేసేది పేరా, మొహమా? లోపలికి పంపు, పిల్లోళ్లు పొద్దుట్నించి ఏడుస్తన్నారు."

అక్క లోపలికి వెళ్లింది. ఏడుపులు ఆగాయి.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. కానీ హస్తవాణి వల్ల మాట్లాడగలిగిన మొదటి బధిర యువతిగా శేషారత్నం ఫొటో పేపర్లో పడింది. జిల్లా కేంద్రంలో సభ పెట్టి, మంత్రిగారి చేత సన్మానం చేయిస్తామని జీపు పంపారు. జీపులో వచ్చినాయన ఫొటో చూసి నన్ను ఎక్కించుకున్నాడు. అమ్మా అక్కా కూడా ఎక్కారు, బంధువులుగా.

వేదిక మీద పెద్దలందరూ జేబుల్లో చేతులతో వరుసగా కూర్చున్నారు. పంచె కట్టుకున్న మంత్రిగారికి జేబులు లేవు కాబట్టి ఆయన చేతుల మీద శాలువా కప్పారు. నేను యశోదను చేశాను. యాప్ చెప్పింది. చప్పట్లు కొట్టవచ్చని ప్రత్యేక అనుమతి ఇచ్చారు, కొట్టారు. యాప్ ఆ చప్పట్లకు అర్థం చెప్పబోయి సగంలో మానుకుంది.

మంత్రిగారు నా పక్కకు వచ్చి మైకు ముందు నిలబడ్డారు. "ఇంతటి ప్రతిభావంతురాలు పల్లెటూళ్లో ఆయాగా ఉండటం రాష్ట్రానికే నష్టం. శేషారత్నాన్ని ఆ ఊరి నుంచి బదిలీ చేసి రాజధానిలోని శిక్షణ కేంద్రానికి తీసుకుంటున్నాం. ఆ అంగన్‌వాడీలో ఇక ఆయా అవసరం కూడా లేదు. పిల్లల కోసం అక్కడ ఒక హస్తవాణి టాబ్లెట్ పెడుతున్నాం!"

మళ్లీ చప్పట్లు. ముందు వరుసలో అక్క కూడా అందరినీ చూసి కొట్టింది. తరువాత నా వైపు తిరిగి, "ఏమన్నాడు?" అని అడిగింది. అంత నిండు సభలో, ఆమె ఉద్యోగం పోయిందని ఆమెకొక్కదానికే తెలియదు.

చేతులతో చెప్పాను. "నీ పని తీసేస్తున్నారు."

"పున్నమి వెన్నెల విరిసినది" అంది హస్తవాణి. చప్పట్లు ఇంకా పెరిగాయి.

అక్క కొట్టడం ఆపేసింది. ఆమె చేతులు ఒళ్లో పడిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ చేతులు అలా ఊరుకోవడం నేను చూడలేదు.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. గాలి రాలేదు. మైకు ముందే ఉండటం వల్ల హాలంతా మోగింది. "వద్దండీ! మా అక్కను తీసెయ్యొద్దండీ! శేషారత్నం ఆమె. నేను కాదు. నాకు మాటలొచ్చు!"

అమ్మ చేతిలో సంచి జారిపోయింది. దొరికిపోయామనుకున్నాను. అక్క ఉద్యోగమే కాదు, మేమందరం పోలీసు స్టేషనుకు వెళ్తామనుకున్నాను.

చిదంబరరావు గారు ఉత్తర్వును ఉల్లంఘించి రెండు చేతులూ జేబుల్లోంచి బయటికి తీశారు. ఆకాశం వైపు ఎత్తారు.

"మాట వచ్చింది!" అని అరిచారు. "హస్తవాణి వల్ల మూగకు మాట వచ్చింది!"

నేను కాదు కాదంటూనే ఉన్నాను. ఎంత చక్కగా అంటున్నానో అని అందరూ మెచ్చుకున్నారు. మంత్రిగారు శాలువాతో కళ్లు తుడుచుకున్నారు. నోరు రాగానే అక్కను తలుచుకోవడం మన సంస్కృతి గొప్పతనమన్నారు.

విలేకరులు అక్క దగ్గరికి పరిగెత్తారు. చెల్లెలికి మాట రావడం మీకెలా ఉందని అడిగారు. అక్క వాళ్ల పెదవుల వైపు చూసింది, తల అడ్డంగా ఊపింది. ఎంత అడిగినా ఒక్క మాట మాట్లాడలేదని రాసుకున్నారు.

వారానికి ఆఫీసు నుంచి రెండు ఉత్తర్వులు వచ్చాయి.

మొదటిది అక్కకు. శేషారత్నానికి మాట వచ్చినందున ఆమె బధిరుల శిక్షణ కేంద్రానికి అనర్హురాలు. బదిలీ రద్దు. ఊళ్లోనే ఆయాగా కొనసాగవచ్చు. ఇకపై హస్తవాణి నిబంధనలు ఆమెకు వర్తించవు. చెవిటివాళ్ల బస్సు పాసు కూడా వర్తించదు. అక్క దాన్ని పిల్లలకు చదివి వినిపించింది, చేతులతో. పాసు పోయిన వాక్యం దగ్గర ఒక బుడ్డోడు బస్సు స్టీరింగు తిప్పి చూపించి, నేను తీసుకెళ్తాలే అన్నాడు. టాబ్లెట్ కూడా వచ్చింది. పిల్లలకు అందకుండా బీరువా మీద పెట్టారు. అప్పుడప్పుడు అక్క అన్నం వడ్డిస్తుంటే పైనుంచి, "తామర మొగ్గ ముడుచుకొనినది" అంటూ ఉంటుంది.

రెండో ఉత్తర్వు నాకు. "సభలో పలుమార్లు ప్రశ్నించినను పలుకని శేషారత్నం సోదరి తిరపతమ్మ బధిరురాలని గుర్తించడమైనది. కావున సదరు తిరపతమ్మ హస్తవాణి శిక్షణకు హాజరు కావలెను."

నేను వెంటనే ఫోన్ చేశాను. ఇప్పుడు నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం కొంచెం అలవాటైంది.

"సార్, నాకు వినపడుతుందండీ. మాటలు కూడా వచ్చండీ."

"ఎవరమ్మా మాట్లాడేది?" అన్నారు చిదంబరరావు గారు.

"తిరపతమ్మనండీ."

"చూడమ్మా శేషారత్నం, నీకు మాట వచ్చిందని మాకందరికీ ఆనందమే. అంతమాత్రాన మీ సోదరి తరఫున నువ్వు మాట్లాడకూడదు. అనధికార అనువాదం అవుతుంది. ఆమె చెప్పదలుచుకున్నది ఆమే వచ్చి హస్తవాణి ముందు చెప్పమను."

ఫోన్ పెట్టేశారు.

అక్క నా చేతిలోంచి కాగితం లాక్కుని చదివింది. చివరి వాక్యం దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది. గజ్జెలు ఎవరివి వారే తెచ్చుకోవలెను. తరువాత లేచి, ముక్కు మూసుకుంది, తల మీద రెండు కొమ్ములు పెట్టింది, మెడ ఊపింది. చెన్నయ్య బాబాయి ఎద్దులకు ఉన్నాయిగా, అడిగి తెస్తానుండు.

"వద్దు!" అని నేను గట్టిగా అరిచాను. అప్పటికే వీపు తిప్పేసింది.

కాసేపటికి వీధి మలుపు నుంచి గజ్జెల చప్పుడు వచ్చింది. అది మోసుకొస్తున్న అక్కకు వినపడదు. మండలాఫీసు లెక్క ప్రకారం నాకూ వినపడకూడదు.